నెమ్మదిగా నడపాల్సిన ఇంజను

కలకత్తాలో ఖిదిర్‌పూర్ పోర్టు క్వార్టర్ల వెనక సందులో కృపాదానం ఇల్లెక్కడని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. తేల్‌వాలా ఇల్లెక్కడని అడిగితే మాత్రం టీ కొట్టు బెంగాలీ దగ్గర్నుంచి బీడీలు చుట్టే ముసలమ్మ దాకా చెయ్యెత్తి చూపిస్తారు. ఓడలను లాగే టగ్గుల్లో, లాంచీల్లో ఇంజను కీళ్లకు నూనె పోస్తూ తిరిగేవాణ్ణి తేల్‌వాలా అంటారు. కుర్రతనంలో భీమిలి నుంచి మేనమామ వెంట వచ్చి హౌరాలో రైలు దిగిన కృపాదానం, రిటైరయ్యేదాకా పోర్టు టగ్గుల అడుగున, ఇంజను గదిలోనే బతికాడు. అక్కడ హుగ్లీ నదిని గంగ అనే అంటారు. గంగ మీద అన్నేళ్లు తిరిగినవాడు గంగను చూసింది మాత్రం తక్కువే. ఇంజను గదికి కిటికీ ఉండదు. పైన టగ్గు నడిపించే సరంగు గంట కొడితే కింద వీళ్లు ఇంజను తిప్పాలి, మళ్లీ కొడితే ఆపాలి. హౌరా వంతెన కింద ఉన్నామా, మెటియాబ్రుజ్ దాటిపోయామా అన్నది ఆ గంటలను బట్టి ఊహించుకోవడమే.

చెవులు ఆ గదిలోనే పోయాయి. ఒక్కరోజులో పోలేదు. ముందు పిచ్చుకలు పోయాయి. వరండా కమ్మీ మీద పిచ్చుకలు వాలేవి, ముక్కులు తెరిచేవి, చప్పుడు మాత్రం ఉండేది కాదు. ఊళ్లో పిచ్చుకలకేదో జబ్బు చేసిందనుకున్నాడు. ఆ తర్వాత కుళాయి చప్పుడు పోయింది. ఆపైన ఆదివారం తెలుగు చర్చిలో ఆడవాళ్లు ఎత్తుకునే పై స్వరాలు పోయి, హార్మోనియం కింది మెట్లు మాత్రం మిగిలాయి.

మాట వినబడనప్పుడు ఏమన్నారని మళ్లీ అడగొచ్చు, లేదా విన్నట్టు నవ్వి ఊరుకోవచ్చు. కృపాదానం మొదట్లో అడిగేవాడు. రెండోసారి చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల మొహాల్లో కదిలే విసుగు చూసి చూసి మానేశాడు. తలాడించి, చక్కగా నవ్వి, "మంచిది, మంచిది. దేవుడికి స్తోత్రం" అనేవాడు. చాలా మాటలకు ఆ జవాబు సరిపోయేది. ఎంత శాంతమైన మనిషో అని సంఘంలో పేరు కూడా వచ్చింది.

ఇంట్లో మాత్రం అరుపులే. భార్య కాంతం పోర్టు ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి. చర్చి పాటల్లో ఆవిడది కింది స్వరం, బరువైన మంచి గొంతు. ఆ గొంతుతోనే పొద్దుట లేచింది మొదలు "అన్నం!" "కరెంటు బిల్లు!" "గొడుగు!" అని అరవాల్సి వచ్చేది. సందులో బస్సుల హారన్లు, పక్కింటి టీవీ, నెలకో రెండు నెలలకో ఎర్రజెండాల ఊరేగింపు, దాని వెనక మైకు. వాటి మీదుగా చెప్పాలంటే ముక్కలుగా తప్ప మాట రాదు. ఏళ్లు గడిచేకొద్దీ అరిచి చెప్పగలిగిన మాటలే వాళ్ల మధ్య మిగిలాయి. మెల్లగా చెప్పాల్సినవన్నీ కాంతం లోపలే ఉండిపోయాయి.

రిటైరయ్యాక కృపాదానానికి ఓ చిన్న పని దొరికింది. నదిలో లంగరు వేసిన ఓడల దగ్గరికి వెళ్లి నావికులను పలకరించి వచ్చే క్రైస్తవ సంఘం ఒకటి ఖిదిర్‌పూర్‌లో ఉండేది. దాని పడవ తక్తా ఘాట్ రేవులో కట్టి ఉంటుంది. జయరాజు అనే చిన్న వయసు పాస్టరు పాత పత్రికలు, ఉన్ని టోపీలు, ఫోను కార్డులు సంచిలో వేసుకుని ఎక్కితే, కృపాదానం పడవ నడిపేవాడు. పడవ వెనక తగిలించిన అవుట్‌బోర్డు ఇంజను పాతది. పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తే నీలం పొగ కక్కుతూ, పూనకం వచ్చినదానిలా కేకలు పెట్టేది. ఒడ్డునున్నవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. కృపాదానానికి మాత్రం అది ఒక్కటే చక్కగా వినబడేది. అందుకే దాని మీద ఆయనకు ప్రేమ.

కొత్త శతాబ్దం వచ్చిన రెండు మూడేళ్లకు, చలికాలం మొదట్లో, ఆ ఇంజను నది మధ్యలో ఆగిపోయి మళ్లీ లేవలేదు. సంఘం మిత్రులెవరో కొత్తది కొనిచ్చారు. చెక్కపెట్టె తెరిచేసరికి నల్లగా, నిగనిగలాడుతూ, గడ్డిలో పడుకున్న లేగదూడలా ఉంది.

పాస్టరు పెట్టెలోని ఇంగ్లీషు పుస్తకం తీసి, ఘాట్ మెట్ల మీద కూర్చుని, ఒక్కో మాటా తెలుగులోకి మార్చి చదివాడు. ఆయన కలకత్తాలోనే పుట్టి పెరిగినవాడు. తెలుగు ఆచితూచి మాట్లాడతాడు.

"బాబాయ్, ఇది పాతదానిలాంటిది కాదు. పెట్రోల్లో ఆయిల్ కలపకూడదు. ఆయిల్ వేరుగా లోపల ఉంటుంది. మొదటి పది గంటలూ తొందర పెట్టకూడదు. పూర్తి స్పీడు ఇవ్వకూడదు. అలాగని ఒకే స్పీడులో కూడా ఉంచకూడదు. కాసేపు మెల్లగా, కాసేపు కొంచెం జోరుగా, మళ్లీ మెల్లగా. లోపలి సామానంతా కొత్తది గదా, అలవాటు పడాలి. ఆ తర్వాత ఇంకొంచెం నడిపి, మొదటి ఆయిల్ తీసేసి కొత్తది పొయ్యాలి."

కృపాదానం చక్కగా నవ్వాడు. "మంచిది అయ్యగారూ. దేవుడికి స్తోత్రం" అన్నాడు.

అని, పెట్రోలు డబ్బా మూత తీసి, అలవాటు ప్రకారం అందులో ఆయిలు వంపబోయాడు. పాస్టరు పుస్తకం అక్కడే పడేసి మెట్లు దూకి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ పెద్దమనిషి ఇన్నాళ్లూ తన ప్రసంగాలకు తలాడించింది కూడా ఇలాగేనా అని పాస్టరు మనసులో అనుమానం మెరిసింది. అయినా ఆయన పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, మొదట్నుంచీ మళ్లీ చదివాడు.

ఇంజను లేపడం ఇంకో తంటా. కృపాదానం తాడు పట్టి లాగాడు. ఏమీ కాలేదు. మళ్లీ లాగాడు. తాడు చేతిలోకి ఉట్టినే వచ్చేసింది, బిగువు లేదు. మూడోసారి లాగబోతుంటే పక్క డింగీలోని పడవవాడు పడీపడీ నవ్వుతూ, "ఓ దాదా! చోల్‌ఛే, చోల్‌ఛే!" అని వెనక్కి వేలు చూపించాడు. నడుస్తోందట. ఇంజను వెనక చిన్న కన్నంలోంచి సన్నటి నీటి ధార చిమ్ముతోంది. ఇంజను బతికి ఉందనడానికి అదే గుర్తు. కృపాదానం దాని నల్లటి మూత మీద అరచెయ్యి పెట్టాడు. నిద్రపోతున్న పిల్లిని ముట్టుకుంటే లోపల ఎలా గురగురలాడుతుందో అలా ఉంది. ఇంత పెద్ద ఇంజను ఇంత మెల్లగా ఉండగలదని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

"ఒక్కరే వెళ్లకూడదు బాబాయ్" అన్నాడు పాస్టరు, ఈసారి బాగా దగ్గరగా వచ్చి. "పెద్ద ఓడ హారన్ కొడితే మీకు వినబడదు. చెవులున్నవాళ్లెవరైనా పడవలో ఉండాలి. నాకు ఈ వారమంతా సభలున్నాయి."

అలా కాంతం పడవెక్కింది.

కలకత్తా వచ్చి పిల్లను కని, పెంచి, పెళ్లి చేసినా, ఆవిడ గంగను వంతెన మీంచి, బస్సు కిటికీలోంచి చూసిందే తప్ప నీళ్ల మీదకి వెళ్లింది లేదు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, యేసయ్యా యేసయ్యా అనుకుంటూ పలక మీద కాలు పెట్టింది. పడవ ఊగింది. గభాలున కూర్చుండిపోయి, రెండు చేతులతో పడవ అంచు పట్టుకుంది.

"ముందుకి కాదే, ఇటు తిరిగి నా ఎదురుగా కూకో. హారన్ వినబడితే చెయ్యెత్తు" అన్నాడు కృపాదానం.

నది మీద పొద్దుటి పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. రెండో హుగ్లీ వంతెన తాళ్లు పైన మబ్బులోంచి వేలాడదీసినట్టున్నాయి. దాని కాళ్లు కనబడటం లేదు. ఇంజను చాలా మెల్లగా నడుస్తోంది. సముద్రం నుంచి వచ్చే పోటు నీరు పడవను తనంతట తానే ఎగువకు మోసుకుపోతుంటే, ఇంజను పక్కనే నడిచే మనిషిలా తోడుగా ఉంది. ఒడ్డున పోర్టు కేకలు, బస్సులు, ఫ్యాక్టరీ కూతలు ఒక్కొక్కటే వెనకబడ్డాయి. కాసేపటికి నీటి చప్పుడు తప్ప ఏమీ లేదు.

కాంతం భయం కొంత తగ్గింది. నీళ్ల వైపు చూస్తూ, ఎవరితోనో కాదు, తనలో తాను అన్నట్టు, "రేపు బజారుకెల్లి ఏదైనా కూర తేవాలి" అంది.

"ఏ కూర?" అన్నాడు కృపాదానం.

కాంతం చటుక్కున తలెత్తింది.

"ఏటన్నారూ?"

"ఏ కూర అన్నాను."

"నాను మెల్లగా అన్నాను గదా. మీకు వినబడ్డాదా?"

కృపాదానం కూడా అప్పుడే గమనించాడు. చెవులు బాగుపడలేదు. ఆయనకు పోయింది ఒక్క వినికిడే కాదు, గోలలోంచి మాటను ఏరుకునే శక్తి. గోల ఉన్నచోట ఎంత అరిచినా ముద్దే. ఇక్కడ గోల లేదు. ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, కింది స్వరం గొంతుతో ఒక మనిషి నిదానంగా మాట్లాడుతోంది. అంతే.

"వినబడ్డాది" అన్నాడు.

ఆ పూట వాళ్లు కూరల గురించే మాట్లాడుకున్నారు. పొట్లకాయ గురించి, అది తెచ్చేటప్పుడు చర్మం మీద చూడాల్సిన తెల్లటి బూడిద గురించి. భీమిలిలో కాంతం వాళ్ల అమ్మ నెత్తళ్ల చేపలు ఎండబెట్టే చాప గురించి. పుస్తకంలో చెప్పినట్టు కాసేపయ్యాక వేగం పెంచాలి. కృపాదానం పిడి తిప్పగానే ఇంజను గొంతు లేచేది, పడవ ముక్కు ఎత్తేది, మాట మధ్యలో తెగిపోయేది. కాంతం నోరు మూసుకుని, చెంగు గట్టిగా పట్టుకుని, మొహాన పడే తుంపర్లకు కళ్లు చికిలించి కూర్చునేది. మళ్లీ వేగం తగ్గించగానే నీరు సర్దుకునేది, వదిలేసిన చోటు నుంచే మాట అందుకునేవాళ్లు. ఒడ్డుకు వచ్చేసరికి ఎన్నో ఏళ్లకు సరిపడా మాట్లాడుకున్నట్టు ఇద్దరికీ గొంతులు అలసిపోయాయి. ఇంటికి నడుస్తుంటే మళ్లీ ట్రాముల గోల ముంచుకొచ్చింది.  కాని మర్నాడు పొద్దుటే ఆయనకన్నా ముందు కాంతం తయారై, డబ్బాలో రొట్టెలు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

ఆ వారం అలా గడిచింది. ఒకరోజు ఎగువకు, ఒకరోజు దిగువకు. ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేదు. నదిలో పని లేకుండా తిరగడం ఆయన జీవితంలో అదే మొదలు. ఇంజను గదిలో గంటలుగా మాత్రమే తెలిసిన ఘాట్లన్నీ ఒక్కొక్కటే మెట్లతో, స్నానాలు చేసే మనుషులతో, ఆరేసిన చీరలతో ఎదురొచ్చాయి. గడ్డి పడవలు నీటికి తలలు ఆనించినట్టు మెల్లగా పోయేవి. బూడిదరంగు నీటి మీద ఎండ పడితే ఎక్కడిదక్కడ ఆగిపోయినట్టుండేది. ఒక్కోసారి తాను చచ్చిపోయి ఇక్కడికి వచ్చానేమో అనిపించేది కృపాదానానికి. చావంటే ఇలా ఉంటే ఫరవాలేదనుకునేవాడు.

ఒకరోజు దిగువన, శిబ్‌పూర్ బొటానికల్ తోట ఒడ్డు వెంబడి వెళ్తున్నారు. ఆ ఒడ్డున చెట్ల నీడ నీటిలోకి చాలా దూరం వస్తుంది. పోటు ఆగి, పాటు ఇంకా మొదలవని వేళ. నది అటూ ఇటూ పోకుండా నిలబడింది.

"విజయ ఎందుకు రావటం లేదో మీకు తెలుసా?" అంది కాంతం.

విజయ కుమారి వాళ్ల ఒక్కగానొక్క కూతురు. లిలువా రైల్వే కాలనీలో ఉంటుంది. అల్లుడు వర్క్‌షాపులో ఫిట్టరు. నెలకోసారైనా వచ్చే పిల్ల ఏడాదికి పైగా ఇంటికి రావడం మానేసింది. కాంతమే లిలువా వెళ్లి చూసి వస్తోంది.

"అల్లుడికి ప్రమోషన్ వచ్చినాది గదా. మన సందు ఆళ్లకి ఆనదు" అన్నాడు కృపాదానం.

"అది కాదు." కాంతం పడవ అంచు మీది తడిని వేలితో తుడిచింది. "పోయిన ఏడాది ఎండల్లో అది ఒక్కర్తీ వచ్చింది. నాను లేను, ఆడోళ్ల కూడికకి ఎల్లినాను. మీరు వరండాలో ఉన్నారు. సందులో మీటింగు, మైకు..."

కృపాదానం వేగం పెంచాల్సిన సమయం వచ్చింది. అలవాటుగా పిడి మీద చెయ్యి పడింది. కాంతం మొహం చూసి తీసేశాడు.

"దానికి మూడో నెల. నాకొక్కదానికే చెప్పింది, ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చింది. పోయిందని చెప్పినారంట. నా కోసం వచ్చింది, నాను లేను. మీ పక్కన కూకుని మీకు చెప్పింది." కాంతం ఆగింది. "మీరు నవ్వినారంట. మంచిది తల్లీ, దేవుడికి స్తోత్రం అన్నారంట."

తోట ఒడ్డున ఏదో పెద్ద పక్షి కొమ్మ మీంచి లేచింది. రెక్కలు కదిలాయి గాని ఆయనకు చప్పుడు లేదు.

ఆ రోజు ఆయనకు గుర్తే. విజయ వచ్చింది, పక్కన కూర్చుంది, ఏదో చెప్పింది, లేచి వెళ్లిపోయింది. వాళ్లమ్మ వచ్చేదాకా ఉండకుండా ఇంత తొందరేమిటి ఈ పిల్లకి అనుకున్నాడు. అంతే గుర్తు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"ఎలా చెప్పమంటారు? ఆ సందులో నిలబడి, మీ కూతురి కడుపు పోయిందని అరవమంటారా? అటు గోడకి ఒకళ్లు, ఇటు గోడకి ఒకళ్లు. కాగితం మీద రాద్దామని కూకున్నాను ఒకసారి. చెయ్యి రాలేదు." కాంతం కళ్లు ఒత్తుకోలేదు, వాటంతట అవే కారనిచ్చింది. "అది కూడా చెప్పొద్దంది."

కృపాదానం ఇంజను ఆపేశాడు. పడవ ఉన్నచోటే చాలాసేపు తేలింది. తర్వాత పాటు మొదలై, మెల్లగా దాన్ని సముద్రం వైపు లాగసాగింది. ఎక్కడో దూరంగా ఓడ కూత పెట్టింది. కాంతం చెయ్యెత్తింది. అప్పుడు ఆయన మళ్లీ తాడు లాగాడు.

సాయంత్రం కాంతం టెలిఫోను బూత్‌కు వెళ్లి, లిలువాలో విజయ పక్కింటికి ఫోను చేసింది. రేపు పొద్దుట సల్కియాలో బాంధాఘాట్ దగ్గరికి రమ్మంది, నాన్న పడవలో వస్తాడని చెప్పింది. వస్తానని గాని రానని గాని విజయ అనలేదు.

మర్నాడు పోటు అందుకుని బయల్దేరి, మెల్లగానూ జోరుగానూ మార్చి మార్చి నడుపుతూ, బాబూఘాట్ దాటి, హౌరా వంతెన కింద నుంచి వెళ్లారు. పైన వేల మనుషులు నడుస్తుంటే వంతెన అడుగు చీకటిగా, చల్లగా, చర్చి లోపలిలా ఉంది. బాంధాఘాట్‌లో ఫెర్రీ జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. మెట్ల మీద, జనానికి కొంచెం ఎడంగా, విజయ కుమారి నిలబడి ఉంది. వచ్చింది గాని కిందికి దిగలేదు.

కృపాదానం పడవ తాడు కాంతం చేతికిచ్చి, బురద మెట్లెక్కి వెళ్లాడు. కూతురు ఆయనను చూసి ఏదో అంది. ఫెర్రీ సైరను మోగుతోంది, కూలీలు అరుస్తున్నారు. విజయ పెదవులు కదలడం కనబడింది. ఆయన మొహం మీదకి ఆ పాత నవ్వు దానంతట అదే రాబోయింది. దాన్ని బలవంతాన ఆపుకున్నాడు.

"నాకు వినబడదమ్మా" అన్నాడు. గట్టిగానే అన్నాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు కాబట్టి మెట్ల మీద నలుగురూ తిరిగి చూశారు. "నాను చెవిటోణ్ణి. ఇక్కడ నువ్వేం చెప్పినా నాకు వినబడదు. పడవెక్కు తల్లీ. అక్కడైతే వినబడతాది."

ఆయన ఆ మాట అనడం విజయ ఎన్నడూ వినలేదు. ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు. ఆమె కాసేపు నాన్న పాదాల వైపు, వాటికంటిన బురద వైపు చూసింది. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని దిగివచ్చింది.

నది మధ్యకు వెళ్లాక కృపాదానం వేగం బాగా తగ్గించాడు. కాంతం ముందుకు వెళ్లి కూర్చుని, కూతురికి ఆయన ఎదుటి చోటు వదిలింది. ఎగువన మిల్లుల పొగ గొట్టాలు, వాటి పైన లేత ఎండ. ఎవరికీ తొందర లేదు. ఇంజనుకూ తొందర లేదు.

"ఆ రోజు ఏటి చెప్పినావో అదే చెప్పమ్మా" అన్నాడు.

విజయ చెప్పింది. ముందు తడబడింది, తర్వాత ఆగకుండా చెప్పింది. ఆసుపత్రి బెంచీ గురించి చెప్పింది. వాళ్లాయన డ్యూటీలో ఉన్నాడని, ఒక్కతే రిక్షా ఎక్కానని చెప్పింది. ఇంటికి కాకుండా ఖిదిర్‌పూర్ బస్సు ఎందుకెక్కానో తనకే తెలియదంది. ఆయన రెండుసార్లు చెయ్యెత్తి ఆపి, "ఏటన్నావు? మళ్లీ చెప్పు" అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. విసుక్కోలేదు.

అంతా అయ్యాక, "నాను నవ్వినాను గదా" అన్నాడు.

"నవ్వినావు నాన్నా."

"నాకేటీ వినబడలేదమ్మా. వినబడనప్పుడల్లా అలాగే నవ్వుతాను."

"నాకు తెలుసు" అంది విజయ. "ఆ రోజే తెలుసు, బస్సులోనే తెలిసింది. తెలిసినా ఏం లాభం, ఆ నవ్వు కళ్లలోంచి పోలేదు. నిన్ను చూస్తే మళ్లీ అదే కనబడతాదని భయపడ్డాను."

కృపాదానం ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టాడు, నూనె మరకలు ఎన్నటికీ వదలని చెయ్యి. విజయ దాన్ని తీసెయ్యలేదు. ఇంకో చేత్తో ఆయన పడవను నడుపుతూనే ఉన్నాడు. ముందు కూర్చున్న కాంతం వాళ్ల వైపు తిరక్కుండా ఏదో కీర్తన మెల్లగా ఎత్తుకుంది. మాటలు ఆయనకు అందలేదు, రాగం మాత్రం అందింది.

ఎంతోసేపు అలా తిరిగారు. ఒకే వేగంలో ఉంచకూడదని పుస్తకంలో ఉన్నమాట ఆ పూట ఆయన పూర్తిగా మరిచిపోయాడు. దాన్ని గురించి తర్వాత పాస్టరుకు చెప్పి, ఇంజనుకేమైనా నష్టమా అని అడిగాడు. ఒక్కపూటకేమీ కాదులే బాబాయ్ అన్నాడు పాస్టరు.

మొదటి ఆయిలు మార్చే రోజున తక్తా ఘాట్‌లో అందరూ చేరారు. విజయ కూడా వచ్చింది. ముందు రోజు ఇంటికొచ్చి, తల్లి పక్కన పడుకుని, పొద్దుటే వీళ్లతో నడిచొచ్చింది. కృపాదానం ఇంజనును నదిలో కాసేపు నడిపి వేడెక్కించి, పడవను ఒడ్డుకు లాగించి, ఇంజను నిటారుగా ఉండేలా కింద చెక్క పెట్టాడు. పాస్టరు పుస్తకం తెరిచి ఒక్కో మాటా చదువుతున్నాడు. అర్థం కానప్పుడల్లా కృపాదానం బోల్టు విప్పే పానా చేత్తో పట్టుకుని తల అడ్డంగా ఊపేవాడు. "వినబడలేదు అయ్యగారూ, మళ్లీ సదవండి." పాస్టరు మళ్లీ చదివేవాడు.

కింద బకెట్టు పెట్టి బోల్టు విప్పాడు. ఆయిలు ముందు చుక్కగా, తర్వాత దారంగా, తర్వాత ధారగా దిగింది. పోసినప్పుడు తేనెలా ఉన్నది ఇప్పుడు ముదురు గోధుమరంగులోకి తిరిగింది. ఎండ పడగానే అందులో సన్నటి మెరుపులు, అభ్రకం పొడి కలిపినట్టు. జీవితమంతా ఇంజన్లకు నూనె పోసిన మనిషి, పని చేసి బయటికి వచ్చే నూనెను ఇంత తీరికగా ఎప్పుడూ చూడలేదు. రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. గరుకు తెలియలేదు, మెరుపే కనబడుతోంది.

"కొత్తదానికే ఇంత అరుగుదలా?" అంది కాంతం, వంగి చూస్తూ.

"కొత్తదానికే ఎక్కువట పిన్నీ" అన్నాడు పాస్టరు. "అందుకే మొదటిసారి త్వరగా మార్చమన్నారు."

చివరి చుక్క దాకా ఓపిగ్గా దిగనిచ్చారు. విజయ గరాటు పట్టుకుంది. కృపాదానం బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిలు పోశాడు. కొలత కడ్డీ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి, గీత దగ్గర తడి చూసి తలాడించాడు. నీళ్లలో ఉండే కింది భాగంలోని గేరు ఆయిలు కూడా తీసి చూశాడు. పాలరంగు లేదు. నీళ్లు లోపలికి చేరలేదన్నమాట. పాత ఆయిలును పక్క డింగీ పడవవాడు డబ్బాలో పట్టుకుపోయాడు, తన పడవ చెక్కలకు పూసుకుంటానని.

పడవను నీళ్లలోకి తోసి, ఇంజను లేపి, ఆయిలు కారుతోందేమో చూశారు. ఇప్పుడు పూర్తి వేగం ఇవ్వొచ్చని పాస్టరు చెప్పాడు. ముగ్గురూ ఎక్కారు. పాస్టరు ఒడ్డునే నిలబడి చెయ్యి ఊపాడు. రెండో హుగ్లీ వంతెన దాటాక కృపాదానం పిడి పూర్తిగా తిప్పాడు. ఇంజను గొంతు విప్పింది, పడవ నీటి మీంచి లేచినట్టయింది. కాంతం యేసయ్యా అని కేకపెట్టింది. విజయ జుట్టు ముడి వీడి వెనక్కి ఎగిరింది. ఆమె నవ్వుతూ వెనక్కి తిరిగి, చెయ్యి నోటి పక్కన పెట్టుకుని ఏదో అరిచింది.

ఆయన వెంటనే వేగం తగ్గించాడు. పడవ ముక్కు దించింది. వెనకటి అల వచ్చి పడవను ఎత్తి దించింది. నీరు సర్దుకునేదాకా ఆగి, ముందుకు వంగి అడిగాడు.

"ఏటన్నావమ్మా?"

"ఏం లేదు నాన్నా" అంది విజయ. "ఆకలేస్తోంది అన్నాను."

కాంతం ఒళ్లోని డబ్బా మూత తీసింది. రొట్టెల్లో వంకాయ కూర పెట్టి ఒక్కోటీ చుట్టి ఇచ్చింది. పడవను పోటు నీటికి వదిలేసి, ముగ్గురూ తింటూ కూర్చున్నారు. ఎదురుగా ప్రిన్సెప్ ఘాట్ తెల్లటి స్తంభాలు ఎండలో కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతున్నాయి.